దిగితే లేవవు

ఠంగ్!

స్టీలు పళ్ళెం మీద గరిటె దెబ్బ.

రెల్లుమీదికి దిగబోతున్న ఉల్లంకి పిట్టల గుంపు గిరుక్కున తిరిగి, పొగమంచులో కలిసిపోయింది.

"పోయాయి! మళ్ళీ పోయాయి!" పళ్ళడాక్టరు నెత్తి కొట్టుకున్నాడు.

వారమంతా పళ్ళు తీసి, సెలవురోజున ఫొటోలు తీసే మనిషాయన. రెండు పనుల్లోనూ ఎదుటివాళ్ళు కదలకూడదు.

ఆయన క్లినిక్కులో, రోగులు కూర్చునే బెంచీకి ఎదురుగా, ఒక ఫొటో ఉంది. ఇదే చిత్తడినేల, ఇదే రెల్లు, దిగుతున్న ఉల్లంకి గుంపు, ఒక్కసారిగా విచ్చుకున్న వందల రెక్కలు. ఎవరు తీశారో తెలీదు. అది చూసే కెమెరా కొన్నాడు. అలాంటిది ఒక్కటి తీసి, దాని పక్కన తగిలించాలి. అంతకుమించి జీవితంలో కోరిక లేదు. చలి ముదిరితే పిట్టలు దక్షిణానికి సాగిపోతాయి. మళ్ళీ ఏడాది దాకా ఎదురుచూపే.

"నువ్వు పన్ను తీస్తే నోరు ఖాళీ, ఫొటో తీస్తే ఆకాశం ఖాళీ," అన్నాడు బావమరిది, ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటూ.

"నోర్మూసుకోరా."

"ఊళ్ళో అందర్నీ నోరు తెరవమంటావు. నన్ను మాత్రం మూసుకోమంటావేం బావా?"

పక్షులకు కనబడకుండా కూర్చోవడానికి కట్టిన చెక్కగది అది. కళ్ళు, కెమెరా పట్టేంత సన్నటి కిటికీ. ఆ కిటికీ చివర ఓ పెద్దాయన నిలబడి ఉన్నాడు. వెలిసిపోయిన వానకోటు. కెమెరా లేదు, బైనాక్యులర్స్ లేవు. చేతిలో పళ్ళెం, గరిటె.

"ఏమండీ పెద్దాయనా, వంటింట్లోంచి దారితప్పి వచ్చారా?" అన్నాడు డాక్టరు.

పెద్దాయన నవ్వలేదు.

"దిగితే లేవవు బాబూ."

"అవి దిగకపోతే నేను లేవను. పొద్దుటినుంచీ కాళ్ళు తిమ్మిరెక్కి చస్తున్నాను."

"ఇవాళ ఇక్కడొద్దు. వెళ్ళిపోండి."

గాలి ఆగిపోయింది. అయినా ఒకచోట రెల్లు కదులుతోంది.

పెద్దాయన గొంతు తగ్గించాడు. "ఆ రెల్లు వెనక..."

తలుపు కిర్రుమంది.

పచ్చచొక్కా. మెడలో ఈల. మోకాళ్ళదాకా బురద.

పెద్దాయన మాట అక్కడే తెగిపోయింది.

"గార్డుగారూ, దేవుడిలా వచ్చారు! పిట్టల్ని దిగనివ్వడం లేదండీ ఈయన!"

"మతి సరిగా లేదండీ పాపం," పచ్చచొక్కా నవ్వాడు. "నేను చూసుకుంటాను. మీరు ప్రశాంతంగా తీసుకోండి. ఇవాళ బాగా దిగుతాయి."

అతని చెయ్యి పెద్దాయన భుజంమీద పడింది. వేళ్ళు కోటులోకి దిగాయి.

పెద్దాయన పళ్ళెం వదల్లేదు. డాక్టరే లేచి వెళ్ళాడు.

"నొప్పి తెలీదు లెండి," అని పేషెంటుతో అన్నట్టే అని, పళ్ళెం ఒక్క లాగు లాగి, గరిటెతో సహా బెంచీ కిందికి తోసేశాడు.

గుమ్మంలో పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. డాక్టరు కన్ను అప్పటికే కెమెరాలో ఉంది.

"బావా, గార్డుల ఆఫీసు ఇటు కదా. వాళ్ళు రెల్లువైపు పోతున్నారేమిటి?"

"దగ్గర దారేమోలే. కదలకు."

కాసేపటికి ఆకాశం గుంపుగా దిగివచ్చింది.

డాక్టరు వేలు ఆగలేదు. అదే రెల్లు, అదే మంచు, అవే రెక్కలు. గోడమీది ఫొటోను మించిపోయింది. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

బావమరిది కెమెరా తీసుకుని, ఒక్కో ఫొటో జరుపుతూ చూశాడు.

"బావా, ఈ పిట్ట గాల్లో ఇక్కడుంది."

"ఉంటే?"

"తర్వాతి ఫొటోలోనూ ఇక్కడే ఉంది. ఆ తర్వాతి దాంట్లోనూ."

"ఫొటోలో పిట్ట ఆగే ఉంటుందిరా, బుర్ర ఉందా నీకు?"

"ఒక ఫొటోలో ఆగుతుంది. అన్నిట్లోనూ ఒకేచోట ఆగుతుందా బావా?"

డాక్టరు బొమ్మను పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు.

రెక్కలకు అడ్డంగా వెంట్రుకంత దారాలు. రెల్లు పొడవునా, గాల్లో గోడలా.

"వల, బావా," అన్నాడు, వలస అన్న మాటలోనే వల ఉందని జోకేసే బావమరిది.

డాక్టరు బెంచీ కింద తడిమి పళ్ళెం తీశాడు. బాదాడు. బాదుతూనే ఉన్నాడు.

రెక్కలు కొట్టుకున్నాయి. ఒక్కటీ లేవలేదు.

ఆఫీసుకు ఇద్దరూ రొప్పుతూ చేరారు. ఫొటో చూసి ఆఫీసరమ్మ మొహం మాడిపోయింది.

"మీ పచ్చచొక్కా గార్డుకి చెప్పండి మేడమ్, తొందరగా..."

"మా గార్డులకి పచ్చచొక్కాలు లేవండీ."

ఆమె చూపు డాక్టరు చేతిలోని పళ్ళెంమీద పడింది.

"ఇది మీ దగ్గరుందేమిటి? మా పెద్దాయనేడీ?"

డాక్టరు నోరు తెరిచాడు. బావమరిది రెల్లువైపు చెయ్యి చూపించాడు.

ఆమె కేకకు లోపల్నుంచి ఖాకీ మనుషులు పరుగెత్తుకొచ్చారు.

"ఆయన... మీ మనిషా మేడమ్?"

"జీతమా పాడా! తన ఫొటోవల్లే వలలవాళ్ళకి ఈ చోటు తెలిసిందని ఆయన దిగులు. ఆ రోజునుంచి కెమెరా పట్టలేదు, పళ్ళెం పట్టాడు."

"ఏ ఫొటో మేడమ్?"

పరుగెత్తబోతూ, ఆమె వెనక గోడవైపు చెయ్యి విసిరింది.

అక్కడ వేలాడుతున్నది, డాక్టరు క్లినిక్కులో, రోగుల బెంచీకి ఎదురుగా ఉన్న ఫొటోయే.