సిల్వానస్ రోవ్ సాక్ష్యం

"టోపీ తీసి ప్రమాణం చెయ్యండి," అన్నాడు విచారణాధికారి.

సిల్వానస్ రోవ్ టోపీ తియ్యలేదు. "మేం క్వేకర్ మతస్థులం. దేవుడి ముందు తప్ప టోపీ తియ్యం. ఒట్లు పెట్టుకోం. అవునంటే అవును, కాదంటే కాదు. నువ్వు అడుగు, నేను చెబుతాను."

సత్రం మేడగదిలో కిక్కిరిసిన జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. "రాజుగారొచ్చినా వీళ్ళకి నువ్వేనటరా," అన్నాడొక జాలరి.

ట్రూరో పట్నం నుంచి వచ్చిన ఆ అధికారి ఆ మాట విననట్టే ఊరుకున్నాడు. ఏ లోహం ఎంత వేడికి లొంగుతుందో తేల్చి లండన్ పండితులను ఒప్పించిన శాస్త్రవేత్త రోవ్. ఆయన మాట కావాలి.

ముందు బెంచీ మీద కూర్చున్న లవ్‌డే నవ్వలేదు. ఇనుప కార్ఖానాలో బాయిలర్ పేలి, దాని పొయ్యి చూసే ఆమె మొగుడు టోబీ పోయి వారం కాలేదు. తప్పు టోబీదని తేలితే, కంపెనీ ఇచ్చిన ఇంట్లోంచి బిడ్డలతో సహా వీధిన పడుతుంది.

కంపెనీ వకీలు గ్రిల్స్ లేచాడు. "టోబీ తాగుబోతని ఊరంతా ఎరుగును. ఆ రోజూ తాగే ఉన్నాడు. కాదంటారా?"

"తాగే ఉండొచ్చు. ఆ పొయ్యి దగ్గర దేవదూతని నిలబెట్టినా బాయిలర్ పేలేదే." రోవ్ చిరిగిన ఇనపరేకు ముక్కను బల్ల మీద పెట్టాడు. "దీన్ని నేను పరీక్షించాను. లోపలినుంచి తుప్పు తినేసింది. అట్టముక్కలా ఉంది, చూడు."

"లోపలి తుప్పు పైకి కనబడదుగా. యజమానికేం తెలుస్తుంది?"

"తెలుసు. రేకు పలచబడిందని టోబీ వెళ్ళి చెప్పాడు. ఈ చలికాలం గడవనీ, చూద్దాం అన్నాడు యజమాని."

గ్రిల్స్ మొహం మాడిపోయింది. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఎవరి కొంప ముంచుతున్నారో తెలిసే మాట్లాడుతున్నారా?"

"తెలిసే."

"ఆ మాట అంటుండగా మీరు విన్నారా?" అన్నాడు అధికారి.

"చెవులారా విన్నాను."

లవ్‌డే తలెత్తి ఆయన్ని చూసింది. ఆ చూపులో కృతజ్ఞత లేదు.

అధికారి కలాన్ని సిరాలో ముంచాడు. "అయితే పోయినవాడి తప్పేమీ లేదు. ఆ ఇంట్లోంచి ఈమెను ఎవరూ కదిలించడానికి వీల్లేదు. నేరం యజమానిది." కాయితం మీదికి వంగాడు. "ఆ యజమాని పేరు?"

గ్రిల్స్ కిటికీ వైపు తిరిగాడు.

రోవ్ బల్ల దగ్గరికి జరిగాడు.

"నా పేరే రాసుకో."