వెనకగది కిటికీ కింద

“ఇల్లంతటికీ ఒకే ఏసీ కదా, బయటి యూనిట్ చప్పుడు చెయ్యనిది తీసుకోండి సార్,” అన్నాడు మెకానిక్.

“ఎక్కువ మోత చేసేదే పెట్టు. వెనకగది కిటికీ కింద,” అన్నాడు ఇంటాయన.

“వేడిగాలి లోపలికి కొడుతుంది సార్. ఆ గదిలోవాళ్ల చెవులు చిల్లులు పడతాయి.”

“మా అక్కయ్య గది. మంచాన పడింది. కిటికీ మూసేస్తాంలే.”

ఆమెకు వినపడదు కాబోలు అనుకున్నాడు మెకానిక్. గోడకు జానెడు ఎడం వదిలి, దిమ్మె మీద యూనిట్ కూర్చోబెట్టి, బోల్టులు బిగించి స్విచ్ వేశాడు.

గోడ అదిరింది. అద్దం అవతల ఆమె చెవులు మూసుకుని, నోరంతా తెరిచి అరుస్తోంది.

“ఏమైనా వినపడుతోందా?” ఇంటాయన మెకానిక్ చెవిలో అరిచాడు.

“లేదు సార్!”

“హమ్మయ్య! ఇక రాత్రంతా పిలిచినా మా నిద్ర చెడదు.”