పట్టుపీతాంబరం టైంటేబులు

"కుక్కపిల్లకి టైంటేబులేంటే, నా మొహం," అన్నాడు కటింగ్ మాస్టరు.

కూతురు వినిపించుకోలేదు. బడిలో లెక్కలు చెబుతుంది, ఇంట్లోనూ అన్నీ లెక్కలే. గళ్ళు గీసిన అట్ట ఒకటి ఫ్రిజ్ తలుపుకి అంటించి, పక్కనే దారంతో పెన్సిలు వేలాడదీసింది.

కుక్కపిల్లకి మూడు నెలలు. వేలెడంత లేదు. పసుపుపచ్చగా ఉంటుంది, ఒంటి కంటే ముందు చెవులే కనిపిస్తాయి. ముప్పయ్యేళ్ళు బట్టలు కుట్టినవాడు కాబట్టి మాస్టరు దాన్ని చూడగానే గుండీ అని పిలిచాడు. అదీ కుదరదంది కూతురు.

"దాని పేరు పట్టుపీతాంబరం. పూర్తిగా పిలవాలి నాన్నా. కత్తిరిస్తే పలకదు."

"ఆ పేరు పిలిచేలోపు అది ఊరు దాటిపోతుంది."

"అందుకే రోజుకి పదిసార్లు పిలిచి అలవాటు చెయ్యి. నోరారా, గట్టిగా."

"చెయ్యనంటే?"

"ఆరు వారాలు చూస్తాను. చివర్లో డాక్టరమ్మ ఇంటికొచ్చి చూస్తుంది. ఆవిడ సరేనంటే ఉంటుంది. లేకపోతే మా హెడ్మిస్ట్రెస్ తీసుకుంటానంది."

మాస్టరు కిందకి చూశాడు. ఆ కుక్కపిల్ల అప్పటికే ఆయన చెప్పు మీద గడ్డం ఆనించి నిద్రపోతోంది. దాన్ని ఇంకొకరి చేతుల్లో పెట్టడమన్న మాట ఆయనకి అస్సలు నచ్చలేదు.

అట్ట మీద ఏముందంటే, మొదటి వారం పూటకి ఐదు నిమిషాల నడక, గేటు దాకా. తర్వాత పది, వీధి మలుపు దాకా. పావుగంట మించకూడదు, లేత కీళ్ళు పాడవుతాయట. రోజూ ఇద్దరు కొత్త మనుషుల్ని కలవాలి. ఒక్కొక్కరితో ఐదు మాటలకి తగ్గకుండా మాట్లాడాలి, పిల్లకి రకరకాల గొంతులు అలవాటవ్వాలట. తాడు ఎడమచేత్తోనే పట్టుకోవాలి. బిస్కట్టు ముక్క కుర్చీలో కూర్చుని పెట్టాలి, లేవాలి, మళ్ళీ కూర్చుని ఇంకో ముక్క పెట్టాలి. అలా పదిసార్లు.

"నిలబడి పెడితే ఏమవుతుందట?"

"మీదకి ఎగరడం మరుగుతుంది."

దేనికైనా జవాబు సిద్ధంగా ఉంచుకునేది. మాస్టరుకి ఒళ్ళు మండేది. కొట్టుకి పోయి తప్పించుకుందామంటే షట్టరు దించేసి నెల దాటింది. ఇంట్లో ఉన్న పనల్లా ఈ కుక్కపిల్లే.

అన్నిటికంటే ఆ కొత్త మనుషుల గొడవే ఆయన్ని కాల్చుకు తినేది. ముప్పయ్యేళ్ళలో ఛాతీ, చెయ్యి, పొడవు తప్ప ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడి ఎరగడు. ఇప్పుడు పోస్టుమ్యాన్‌ని ఆపాలి. బస్టాపులో గొడుగు పట్టుకున్నావిడ దగ్గరకెళ్ళి వానొస్తుందంటారా అని అడగాలి. సిగ్గుతో చచ్చిపోయేవాడు. ఇంటికొచ్చి పెన్సిలు విరిగేంత కోపంగా గడిలో టిక్కు పెట్టేవాడు.

ఎదురింటి కండక్టరు గేటు మీద మోచేతులానించి ఈ తమాషా అంతా చూసేవాడు. వాళ్ళ నల్లకుక్క ఏ టైంటేబులూ లేకుండా పన్నెండేళ్ళు పెరిగింది.

"తాడు వీలైన చేత్తో పట్టుకోవయ్యా. ఆ ఎడమచేత్తో అవస్థేంటి?"

"మా అమ్మాయి హుకుం."

"కుక్క నీదా, అమ్మాయిదా?"

ఆ మాట మాస్టరుకి గుచ్చుకుంది. అయినా చెయ్యి మార్చలేదు. హెడ్మిస్ట్రెస్ గుర్తొచ్చింది.

మూడో వారంలో అనుకున్నంతా అయింది. మలుపు దగ్గర తాడు ఎడమచేతిలోంచి జారిపోయింది. పిల్ల రోడ్డు మీదకి ఒకటే పరుగు. అవతల్నుంచి లారీ వస్తోంది. మాస్టరు పిలవబోయాడు. ఆ దిక్కుమాలిన పేరుకి నోరు తిరగలేదు. పట్టు, పట్టు, అంటూ అక్కడే ఆగిపోయింది.  ఊపిరి నిండా పీల్చి, వీధి వీధంతా వినేలా, "పట్టుపీతాంబరం" అని అరిచాడు.

పిల్ల టక్కున ఆగి, తోకాడించుకుంటూ వెనక్కొచ్చేసింది.

ఇంటికొచ్చి కూతురి మీద విరుచుకుపడ్డాడు. "నీ ఎడమచెయ్యి రూలు తగలెయ్య. ఇవాళ దాని ప్రాణం పోయేది."

కూతురు మొహం పాలిపోయింది. పిల్లని ఎత్తుకుని కాళ్ళూ తోకా తడిమి చూసింది. రూలు మాత్రం మార్చలేదు. "ఇంకాస్త గట్టిగా పట్టుకో నాన్నా," అంది.

ఆ రాక్షసితో మాట్లాడి లాభం లేదని మాస్టరు పంతానికి పోయాడు. మిగిలిన గళ్ళన్నీ నింపాడు. ఒక్కటీ వదల్లేదు.

ఆరో వారం ఆదివారం పొద్దున డాక్టరమ్మ వచ్చింది. ఎక్కడో చూసిన మొహంలా అనిపించింది. వస్తూనే గేటు దాకా నడిచి రమ్మంది. మాస్టరు పిల్లని తీసుకుని వెళ్ళొచ్చాడు. ఆవిడ కళ్ళు పిల్ల మీద లేవు, చేతి గడియారం మీద ఉన్నాయి. పేరు పిలవమంది. పిలిచాడు. పదిసార్లూ తడుముకోలేదు. కుర్చీలో కూర్చుని లేచి బిస్కట్లు పెట్టమంది. అదీ అయింది. ఈవిడకి చదువొచ్చా రాదా అని మాస్టరుకి చిర్రెత్తుకొచ్చింది. అడిగేవాడే, కానీ పిల్ల తాడు ఇంకా తన చేతిలో ఉండాలి కదా.

"ఏమంటారు, ఉంచుకోవచ్చా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"నిక్షేపంగా ఉంచుకోండి. ఇంకో ఆరు వారాలు ఇలాగే చెయ్యండి."

బరువు దిగింది. దాంతోపాటు దాచుకున్న కోపం కూడా బయటకొచ్చింది. "డాక్టరమ్మా, అసలు మీరు కుక్కని ముట్టుకోనైనా లేదు."

ఆవిడ కూతురి వైపు ఓసారి చూసి, సంచిలోంచి టేపుతో అతికించిన ఓ కాగితం తీసి ఆయన ముందు పెట్టింది: అవే గళ్ళు, అవే నిమిషాలు, పైన ఆయన పేరు, ఆరు వారాల కిందట పక్షవాతం వార్డులోంచి ఇంటికి పంపేటప్పుడు, ఎడమచెయ్యి లేవక పళ్ళతో పట్టుకుని ఆయనే ముక్కముక్కలుగా చింపి విసిరికొట్టిన కాగితం.