తుమ్ముల సందు

తెర మీది మ్యాపులో చుక్కని వేలితో తాకగానే స్పీకర్లలోంచి పెద్ద తుమ్ము వచ్చింది. హాలంతా ఉలిక్కిపడి నవ్వింది.

"ఇదండీ తుమ్ముల సందు," అన్నాడు మెరుపు. అది అతని అసలు పేరు కాదు. అంత వేగంగా మాట్లాడతాడని అందరూ పెట్టిన పేరు. "మిరియాలు దంచే కొట్టు ఉందిక్కడ. ఏ వేళకి ఎందరు తుమ్ముతారో ఈ చుక్క చెబుతుంది. పొద్దున గోళీకాయంత. సాయంత్రానికి, చూడండి, ఫుట్‌బాలంత."

కమిటీ అధ్యక్షురాలు కళ్లజోడు తీసి, నవ్వీ నవ్వీ వచ్చిన నీళ్లు తుడుచుకుంది.

వెనక వరసలో బాబాయి పళ్లు నూరాడు. ఆ మ్యాపు తనది. పోయిన నెల తమ వెబ్‌సైట్‌లో పెట్టిందే. చుక్కలు, కథలు, చివరికి ఆ తుమ్ము కూడా తనదే. అన్న కూతురు బాబాయి ముక్కు కింద మిరియాల పొడి పెట్టి మరీ రికార్డు చేసింది. కానీ తుమ్ము మీద సంతకం ఉండదు కదా.

రైల్వే స్టేషన్లో పెట్టబోయే 'మన ఊరి కథల మ్యాపు' పని దక్కకపోతే తన ఆఫీసుకి తాళమే. మొదట్లోనే లేచి ఫిర్యాదు చేశాడు. మెరుపు చిరునవ్వు నవ్వి ఒకటే అన్నాడు.

"ఊరు అందరిదీ కదండీ. మీరు తిరిగారు, నేనూ తిరిగాను. నాకూ అవే కనిపించాయి."



పక్కన అన్న కూతురు. ఆ మ్యాపు చేసిన పిల్ల. ఏడవాల్సింది పోయి, చేతిరుమాలు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది.

"నీకేమైనా పిచ్చి పట్టిందా?"

"ఉండు బాబాయ్. మంచి ఊపు మీదున్నాడు." లేచి నిలబడింది. "ఏవండీ, ఆ సందుకి మీరే వెళ్లారా?"

"వెళ్లకుండా చెబుతానా అమ్మా? నిన్న కూడా వెళ్లాను. కొట్టు పెద్దాయన టీ ఇచ్చాడు. తుమ్ములకి తాగిందానికంటే ఒలికిందే ఎక్కువ."

"ఆయన పిల్లి ఎలా ఉంది?"

"దానికీ జలుబే, పాపం."

హాలు ఘొల్లుమంది. కమిటీలోని ఇంజనీరు ఇక ఆగలేకపోయాడు. "ఆ సందులో దీపాలు వేయించింది మేమే మేడమ్. స్తంభం ఎక్కినవాడు తుమ్మి కింద పడబోయాడు."

బాబాయికి ఒళ్లు మండిపోయింది. తన సందుని తలా ఒక ముక్కా పంచేసుకుంటున్నారు. నోటికొచ్చింది అనేశాడు. "మా ఆవిడని నేను మొదటిసారి చూసిందే ఆ సందులో మేడమ్. ఆవిడ తుమ్మింది. నేను రుమాలిచ్చాను. అలా మొదలైంది మా కాపురం."

అన్న కూతురు నవ్వాపుకోలేక నేల మీద కూలబడింది. "పిన్నికి తెలుసా ఈ సంగతి?" అంది కిందనుంచే.

"నోరు ముయ్యవే."

అధ్యక్షురాలు బల్ల మీద తట్టింది. "ఆ సందు ఇద్దరి మ్యాపుల్లోనూ ఉంది. ఇద్దరూ చూశామంటున్నారు. ఎవరిది ఎవరు ఎత్తారో తేలేదెలా? అమ్మాయ్, మీ మ్యాపు చేసింది నువ్వట కదా. నువ్వేమంటావు?"

అన్న కూతురు లేచి ముందుకు నడిచింది. తెర పక్కన నిలబడి, పెదవులు బిగబట్టి నవ్వు మింగింది. మెరుపు పక్కకి జరిగి, మర్యాదగా చోటిచ్చాడు.

"ముందు మా బాబాయికి క్షమాపణ చెప్పుకోవాలి మేడమ్."

బాబాయి కుర్చీలోంచి సగం లేచాడు. అయిపోయింది, ఓడిపోయామని ఒప్పేసుకుంటోంది.

"తుమ్ముల సందు అన్నది ఈ ఊళ్లో ఎక్కడా లేదు బాబాయ్, మన మ్యాపు ఎత్తినవాడు దొరకాలని నేనే గీసి పెట్టాను."