సూరమ్మ తోటలో గొయ్యి

"నా జీడితోటలో ఏటి తవ్వుతున్నావు బావూ?"

సూరమ్మ గొంతు వినగానే ప్రేమ్ సాగర్ చేతిలో గునపం ఆగిపోయింది. పూండి చుట్టుపక్కల సోలార్ దీపాలు బాగుచేసే మెకానిక్ అతను. పొద్దున టెక్కలిలో ట్రైనింగుకని వెళ్లాడు. అది ముగియకుండానే బస్సెక్కి నేరుగా ఇక్కడికే వచ్చేశాడు.

"అత్తా, ఈ నూతి నీళ్లు తాగుతున్నారా?"

"తాగక? నా మనవడు పుట్టిన కాడ్నుంచీ ఈ నీల్లే."

అతను నూతిగట్టు మీద కూలబడ్డాడు.

"మన సర్చి ముందరి సోలారు దీపం బ్యాటరీ పోయిన నెల ఇక్కడ పాతీసేనత్తా. ఉప్పుగాలికి పాడయిపోయి కారిపోతంటే, కంపినీకి పంపుదామని బయల్దేరేను. బస్సోడు ఎక్కించుకోనేదు. ఇంట్లో ఎట్టుకోడానికి భయమేసింది."

"అందుకని మా నూతికాడ ఎట్టేవా?"

"ఎండతో ఎలిగే దీపం, ఎవులికీ సెడుపు సెయ్యదనుకున్నాను. దాన్లో సీసం నీళ్లలో దిగితే పసిపిల్లల బుర్ర ఎదగదంట. ఇయ్యాలే సెప్పేరు."

సూరమ్మ ముఖం పాలిపోయింది. "అన్నం తింటన్నావా, గడ్డి తింటన్నావా? తవ్వు!"

అతను పిచ్చెక్కినవాడిలా తవ్వాడు. మోకాలిలోతు దిగినా గునపానికి ఇసుక తప్ప ఏమీ తగల్లేదు.

"ఇంతకీ ఎలాగుంటాది అది?" అడిగింది సూరమ్మ.

"నల్లటి డబ్బా."

"ఓలమ్మ, అదా! నువ్వు పాతిన మర్నాడే గావాల, ఎలుగుబంటి గోకీసి పైకి లాగీసింది. జీడిపిక్కలేరడానికొచ్చినోల్లు అట్టుకెల్లిపోనారు."

ప్రేమ్ సాగర్ గునపం వదిలేసి రెండు చేతులూ పైకెత్తాడు. "స్తోత్రం ప్రభువా!"

నీళ్లు పరీక్ష చేయిస్తానని, అందాకా బోరింగు నీళ్లు తానే మోసుకొచ్చి పోస్తానని సూరమ్మకు మాటిచ్చాడు. గొయ్యి పూడ్చేశాడు. ఆ డబ్బా ఎవరింటికి చేరిందో మాత్రం అడగలేదు. అడిగితే మళ్లీ తనే వెళ్లాలి, తనే తల దించుకోవాలి. ఆ సంగతి తెలిసే అడగలేదు. దారి పొడుగునా అది గుండెలో ముల్లులా గుచ్చుతూనే ఉంది.

ఇంటికొచ్చేసరికి భార్య దోర్కాస్ పొయ్యి ముందు కూర్చుని ఉంది. నెలలు నిండిన మనిషి. అతన్ని చూసి ఆయాసంగా నవ్వింది.

"మావా, మా అన్న సేపల వలకి సీసం గుళ్లు కావాలన్నాడు గదా, పోయిన వారమే సేసిచ్చీసేను, నీకు సెప్పడం మర్సిపోనాను."

"సీసం... ఎక్కడిది?"

"సూరమ్మత్త తోటలో పిక్కలేరడానికెల్తే ఓ నల్ల డబ్బా దొరికింది, దాన్లోదే. ఇదిగో, ఈ మూకుట్లోనే కరగేసేను."

అతను పొయ్యి దగ్గరికి వచ్చాడు. మూకుడు వైపే చూస్తూ నిలబడిపోయాడు.

"అలా సూత్తావేటి? బాగా తోమీసేనులే. అప్పుట్నించీ మన కూర దీన్లోనే వండుతున్నాను గదా!"