మగ్గులో వేలిముద్ర

"బొటనవేలు ఇందులో పెట్టు" అన్నాడు ఓడ మెకానిక్.

భార్య కదల్లేదు. వంటగట్టు మీద అతని షేవింగ్ మగ్గు ఉంది. మగ్గు నిండా సబ్బు, సబ్బు మధ్యలో నొక్కినట్టు చిన్న గుంట. అతనే ఆమె చెయ్యి లాగి వేలు ఆ గుంటలో ఆనించాడు. తాళంలో తాళంచెవి దిగినట్టు దిగింది.

ఓడ దిగి ఇల్లు చేరినవాడు ఇంకా బట్టలైనా మార్చుకోలేదు. ముఖం కడుక్కుందామని స్నానాలగదిలోకి వెళ్లి, మగ్గు పట్టుకుని బయటికొచ్చాడు.

ఆ సబ్బుతో అతనికి పాత పగ ఉంది. ఏదో రేవులో మోజుపడి కొన్న బిళ్ల అది, రాయికి తమ్ముడు. ఇంటికి తెచ్చి చూస్తే మగ్గు మూతికన్నా వెడల్పు. అడ్డంగా పెట్టాడు, నిలువుగా పెట్టాడు, అరచేత్తో గుద్దాడు. ఇంజన్లో ఎంత మొండి బోల్టునైనా దారికి తెచ్చేవాడు, ఒక సబ్బుబిళ్ల ముందు చేతులెత్తేశాడు. తిరిగొచ్చాక దీని సంగతి చూస్తానని అలమారలో పడేసి ఓడెక్కాడు. తరవాత ఇంట్లో ఉన్నది భార్య, తల్లి. ఇద్దరు ఆడవాళ్లు తప్ప పురుగైనా లేని ఇంట్లో బిళ్ల దానంతటది మగ్గులోకి దూరదు కదా.

ఎవరో దాన్ని క్యారెట్ తురిమినట్టు సన్నగా తురిమి, తడిపి, గాలి చొరకుండా మగ్గులోకి కూరారు. పనితనానికి వంక పెట్టడానికి లేదు. అతని కడుపుమంట పనితనం గురించి కాదు. అంచున నురుగు ఇంకా ఆరలేదు. బ్రష్షు తడిగా ఉంది. రేజరు సందులో ఒక తెల్లవెంట్రుక ఇరుక్కుని ఉంది. అతని గడ్డం కాకినలుపు.

"నేనే తురిమాను" అంది భార్య చివరికి.

"ఎవరికోసం?"

ఆమె తల దించుకుంది. మాటిచ్చాను, చెప్పలేను అంది. బెదిరించాడు, బుజ్జగించాడు, మళ్లీ బెదిరించాడు. మీరనుకుంటున్నది కాదండీ అని మాత్రం అంది. దొరికిపోయిన ప్రతివాళ్లూ ముందుగా అనే మాట అదేనని అతను తీర్పు చెప్పేశాడు.

ఈసారి ఓడకి దండం పెట్టి, ఊళ్లోనే వర్క్‌షాపులో పనికి ఒప్పుకుని వచ్చాడు. ఇక నిన్ను వదిలి వెళ్లనని చెప్పి ఆమె ముఖం వెలిగిపోతుంటే చూడాలనుకున్నాడు. దారి పొడవునా ఆ వాక్యాన్నే సానబెట్టుకుంటూ వచ్చాడు. ఇప్పుడది చెప్పకుండానే పక్కన పెట్టాడు.

తల్లి గదిలోకి వెళ్లాడు. కొత్త డాక్టరు మాత్రలు మార్చినప్పటినుంచి ఆవిడకి వెలుతురు పడటం లేదట. కిటికీ దగ్గరుండే కుర్చీ మూలకి చేరింది. రాగానే దగ్గరికి తీసుకోబోతే, జలుబు అంటుకుంటుందని ముఖం పక్కకి తిప్పేసుకుంది. సంగతంతా విని తాపీగా, వదిలెయ్యరా అంది. సబ్బన్నాక అరుగుతుంది, ఇల్లన్నాక సవాలక్ష ఉంటాయి అంది.

"కోడలు బంగారం రా. దాన్నేమీ అనకు."

కూరలో చిటికెడు ఉప్పెక్కువైతే వీధంతా వినపడేలా చెప్పే మనిషి. ఆవిడ నోట కోడలు బంగారం. అంటే ఈవిడకీ తెలుసు. కొడుకు పరువు పోతుందని కడుపులో దాచుకుంటోంది.

ఇక ఆలోచించడానికేం మిగల్లేదు. పైవాటాలో వయొలిన్ మాస్టారున్నాడు, ఒంటిగాడు. తను ఓడెక్కే నాటికి మాస్టారికి రొమ్ముదాకా నెరిసిన గడ్డం. ఇందాక మెట్ల దగ్గర ఎదురై కుశలం అడిగితే ఎవరో కొత్తమనిషి అనుకున్నాడు. ముఖం ఒలిచిన గుడ్డులా ఉంది. గడ్డం తీగల్లో చిక్కుకుని సంగీతం పాడవుతోందని తీసేశాడట. అది విని అప్పుడు తనూ నవ్వాడు, పిచ్చివాడిలా.

పనిసంచిలోంచి పెద్ద పానా తీశాడు. మీ అన్నయ్యకి ఫోన్ చేసుకో, నేను దిగొచ్చేసరికి నువ్వు ఈ ఇంట్లో ఉండకూడదు అన్నాడు భార్యతో. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. నాలుగు బట్టలు సంచిలో కుక్కుకుని అత్తగారి గది ముందు ఆగింది.

"వెళ్లొస్తాను అత్తయ్యా. మాత్రలు తిన్నాకే వేసుకోండి, పరగడుపున వద్దు."

ఆ మర్యాద చూసి అతనికి ఒళ్లు ఇంకా మండింది. ఎంత నటన అనుకుంటూ మెట్లవైపు నడిచాడు. వెనకనుంచి గబగబా అడుగులు వినపడ్డాయి. మోకాళ్లనొప్పులతో గుమ్మం దాటడానికే మూలిగే తల్లి, అతన్ని దాటుకుని వెళ్లి మొదటి మెట్టుకి అడ్డంగా నిలబడింది.

"ఆ మాస్టారి జోలికి పోకు."

"తప్పుకో అమ్మా."

"అతను పాపం అమాయకుడు రా."

"అయితే కానివాడెవడో నీకు తెలుసన్నమాట." అతను పానా దించలేదు. "దాచింది చాలు. ఈవిడ ఆ సబ్బు తురిమింది ఎవడి గడ్డానికి?"

తల్లి కోడలి వైపు చూసింది. కోడలు అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టింది. చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ముసలామె కొడుకు వైపు తిరిగింది.

"గడ్డం నాదిరా."