ఫోను వెనక ఎక్కాల పుస్తకం

పక్కింటి ఎలిశబెతు కొడుకు వీడియోను క్లాసు వాట్సాప్ గ్రూపులో చూసి నాకు రోత పుట్టింది. నోరు పదమూడో ఎక్కం చెబుతోంది, కళ్లు మాత్రం ఫోను వెనక వాళ్లమ్మ పట్టుకున్న పుస్తకం మీదున్నాయి.

“సిగ్గులేని మనుషులు. నువ్వు చెప్పు అబీ, వీడియో తీస్తా ఉండా.”

నా కూతురు అబిగయీలు గడగడా మొదలెట్టి సగంలో ఆగింది. మళ్లీ తీశాను. మళ్లీ అక్కడే ఆగింది.

ఈ సాయంత్రానికి ఎక్కం అప్పజెప్పనివాళ్లను బి సెక్షన్లో వేస్తారు. అక్కడ పడితే పదో తరగతి తప్పడమే, ఆ తర్వాత రొయ్యల కంపెనీలో తలలు వొలవడమే. పుస్తకం తీసి ఫోను వెనక పట్టుకుని మళ్లీ వీడియో ఆన్ చేశాను.

అబి సగం దాకా చెప్పి గట్టిగా కళ్లు మూసుకుంది.

“కళ్లు తెరువు.”

“తెరవను. ఎలిశబెతు ఆంటీని తిట్టినావు గదా, నువ్వు చేసేదేంది?”

“మెల్లిగా. వీడియో ఆన్‌లో ఉంది.”

“ఉండనీ. మేడం, నాకు ఇంతవరకే వచ్చు. మిగతాది సోమవారం చెప్తాను. మా అమ్మ పుస్తకం చూపిస్తా ఉంది, నేను చూడలేదు.”

రికార్డింగ్ ఆపేశాను. అబి కళ్లు తెరిచి చెయ్యి చాపింది.

“ఫోను ఇటియ్యి మా. నీ దగ్గరుంటే కట్ చేసి పంపుతావు.”